మన కొలతకు మన సైకిలు

(మల్కాపురం అక్షర కేంద్రంలో చదువుకుంటున్న మహిళలకు వాలంటీరు టీచరు చెప్పిన మాటలు)



పోయిన వారం మనం అంగుళాలు, మిల్లీమీటర్లు నేర్చుకున్నాం. టేపు పట్టుకుని బల్ల కొలిచాం. గుమ్మం కొలిచాం. ఈ రోజు సైకిలు కొలుద్దాం.

సైకిలే ఎందుకు అంటారా? మన కేంద్రంలో ముగ్గురు సైకిలు కొనుక్కోవాలని అనుకుంటున్నారు. ఒక వదిన చేపలు అమ్ముతుంది. ఒక చెల్లి క్యారేజీలు అందిస్తుంది. ఒక పిన్ని బట్టలు కుడుతుంది, మూటలు మోస్తుంది. ముగ్గురివీ మూడు పనులు. ముగ్గురివీ మూడు ఎత్తులు. మరి ముగ్గురికీ ఒకే రకం సైకిలు సరిపోతుందా?

"బస్సులో మనకి టికెట్టే లేదు కదమ్మా, ఇంక సైకిలెందుకు?" అని ఒక పిన్ని అడిగింది. మంచి ప్రశ్న. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. బస్సు మనల్ని గాజువాక తీసుకెళ్తుంది. కానీ మన సందులోకి రాదు. తెల్లవారుజామున చేపల బుట్టతో ఇంటింటికీ తిప్పదు. బస్సు పని బస్సుది. సైకిలు పని సైకిలుది.

సైకిలు ఒక్కటి కాదు

దూరం నుండి చూస్తే సైకిలు ఒకటే వస్తువు. దగ్గరికి వెళ్ళి చూడండి. ఫ్రేము వేరు. ఫోర్కు వేరు. హ్యాండిలు వేరు. రిమ్ములు, చువ్వలు, హబ్బులు, టైర్లు, ట్యూబులు, చైను, పెడళ్ళు, సీటు, బ్రేకులు, క్యారేజీ, స్టాండు... అన్నీ వేరు వేరు. అన్నీ విడిగా దొరుకుతాయి. మేస్త్రీ వాటిని కలిపి బిగిస్తాడు.

ఇంటికి తలుపు ఎంత ఉండాలో మనమే చెప్తాం. రవికె కొలత మనమే ఇస్తాం. సైకిలు కొలత మాత్రం ఎవరో ఇచ్చింది ఎందుకు తీసుకోవాలి?

ఈ సామాను ఎక్కడిది?

మన తాతల కాలంలో సైకిలు అంటే సీమ సరుకు. రాలీ, హెర్క్యులిస్, బి.ఎస్.ఏ. పేర్లు మీరు వినే ఉంటారు. అవి ఇంగ్లండు నుండి ఓడల్లో వచ్చేవి. స్వాతంత్ర్యం వచ్చాక పరిస్థితి మారింది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్ మొదలైంది. 1951లో ఇప్పటి హర్యానాలోని సోనీపత్‌లో అట్లాస్ మొదలైంది. పంజాబులోని లూధియానాలో ముంజాల్ అన్నదమ్ములు ముందు సైకిలు విడిభాగాల వ్యాపారం చేశారు. 1956లో హీరో సైకిల్స్ పెట్టారు. 1986లో ఆ కంపెనీ పేరు గిన్నిస్ రికార్డుల పుస్తకంలోకి ఎక్కింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సైకిళ్ళు చేసిన కంపెనీ అన్నమాట.

లూధియానాలో పెద్ద ఫ్యాక్టరీలే కాదు, చిన్న చిన్న కార్ఖానాలు కూడా చాలా ఉన్నాయి. ఒకరు పెడళ్ళు చేస్తారు. ఒకరు హబ్బులు చేస్తారు. మన షాపులో అమ్మే సామానులో చాలా భాగం అక్కడి నుండి వచ్చిందే.

మరి ఉక్కు? 1992లో జాతికి అంకితమైన మన విశాఖ ఉక్కు కర్మాగారంలో ఉక్కు తీగ చుట్టలు తయారవుతాయి. ఉక్కు తీగను ఇంకా సన్నగా లాగి, ముక్కలు కోసి, ఒక కొన వంచితే సైకిలు చువ్వ అవుతుంది.

గేర్ల సైకిలు సంగతి వేరు. ఆ గేరు సామాను చాలావరకు విదేశాల నుండి వస్తుంది. పాడైతే చిన్న షాపులో దొరకదు. గేర్లు లేని మామూలు సైకిలుకు ఆ ఇబ్బంది లేదు. మొత్తం దేశంలో చేసిన సామానుతోనే బిగించుకోవచ్చు.

దానివల్ల మనకేంటి లాభం? ఒక ఉదాహరణ చెప్తాను. అట్లాస్ వాళ్ళ చివరి ఫ్యాక్టరీ 2020 జూన్‌లో ఆగిపోయింది. అయినా మామూలు అట్లాస్ సైకిలు ఇప్పటికీ తొక్కుతున్నారు. ఎలా? మామూలు సైకిళ్ళ కొలతలు చాలావరకు ఒకటే. ఒకరి సైకిలుకు ఇంకొకరి చైను పడుతుంది. కంపెనీ పోయినా సైకిలు ఆగదు. మన రోజు కూలి పోదు.

ఇప్పుడు కొలుద్దాం

మొదటిది ఫ్రేము. ఆడవాళ్ళ ఫ్రేముకు పైన అడ్డు కమ్మి ఉండదు. చీర కట్టుకుని ఎక్కడం, దిగడం తేలిక. కానీ అడ్డు కమ్మి ఉన్న ఫ్రేముకు బలం ఎక్కువ. అంచేత బరువులు మోసేవారు కిందికి వాలిన కమ్మీలు రెండు ఉన్న ఆడవాళ్ళ ఫ్రేము అడగండి. పాత ఫ్రేము కొంటే అతుకుల దగ్గర వేలితో తడిమి చూడండి. పగులు ఉంటే వద్దు. విరిగితే వెల్డింగు పెట్టిన ఫ్రేము అసలు వద్దు.

సీటు ఎత్తు ఎంత ఉండాలి? సీటు మీద కూర్చోండి. ఒక పెడలు పూర్తిగా కిందికి దించండి. దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా ఉంటే సీటు సరిపోయినట్టే. ఇంకా నేర్చుకుంటున్నవారు మాత్రం పాదాలు నేలకు ఆనేటట్టు సీటు దించుకోండి.

రెండోది చక్రం. రిమ్ముకు ఎన్ని కన్నాలు ఉంటే హబ్బుకూ అన్నే ఉండాలి. మన పాతరకం పెద్ద సైకిలుకు ముందు చక్రానికి 32 చువ్వలు, వెనక చక్రానికి 40. బరువు వెనక పడుతుంది కదా, అందుకే వెనక ఎక్కువ. కొనేముందు కన్నాలు లెక్కపెట్టండి. ఇది మీకు వచ్చిన లెక్కే.

మూడోది టైరు. ఇక్కడే మన చదువు పని చేస్తుంది. టైరు పక్కన 28 × 1½ అని రాసి ఉంటుంది. కొన్నిటి మీద 26 × 1½ అని, కొన్నిటి మీద 26 × 1⅜ అని ఉంటుంది. ఈ చివరి రెండూ ఒకటే అనుకుంటాం. రెండిట్లోనూ 26 ఉంది కదా! కానీ ఒక దాని రిమ్ముకు ఇంకోటి పట్టదు. టైరు మీద ఇంకో అంకె కూడా ఉంటుంది, చూడండి. 28 × 1½ టైరుకు 635. 26 × 1½ టైరుకు 584. 26 × 1⅜ టైరుకు 590. టైరు కూర్చునే చోట రిమ్ము అడ్డకొలత అది, మిల్లీమీటర్లలో. 584కీ 590కీ తేడా ఎంత? ఆరు మిల్లీమీటర్లు. బియ్యపు గింజంత తేడా. ఆ గింజంత తేడాకు టైరు డబ్బులు దండగ. అంకె చదివిన మనిషిని ఎవరూ మోసం చేయలేరు.

నాలుగోది పళ్ళ చక్రాలు. పెడలు దగ్గర పెద్దది. వెనక చిన్నది, దాన్ని ఫ్రీవీలు అంటారు. ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు అనుకోండి. పెడలు ఒకసారి తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర సార్లు తిరుగుతుంది. సైకిలు సుమారు 18 అడుగులు పోతుంది. వెనక 22 పళ్ళ ఫ్రీవీలు వేయిస్తే? 44ను 22తో భాగించండి. రెండు. చక్రం రెండుసార్లే తిరుగుతుంది. సైకిలు 14 అడుగుల పైచిలుకు పోతుంది. దూరం తగ్గింది. కానీ తొక్కడం తేలికయింది. చేపల బుట్టతో ఎత్తు ఎక్కే వదినకు ఇది మేలు. క్యారేజీలు అందించే చెల్లికి త్వరగా వెళ్ళాలి, ఆమెకు 18 మేలు. చూశారా? పని మారితే పళ్ళు మారాయి.

ఐదోది రక్షణ. చీర చక్రంలో పడకుండా వెనక చక్రానికి చీర గార్డు, చైనుకు నిండు కవరు ఉండాలి. మన దారిలో ట్యాంకర్లు, లారీలు తిరుగుతాయి. వెనక ఎర్ర రిఫ్లెక్టరు తప్పనిసరి. సముద్రపు గాలికి చైను త్వరగా తుప్పు పడుతుంది. గుడ్డతో తుడిచి వారానికోసారి రెండు చుక్కల నూనె వేయండి.

డబ్బు మాట

ఒక్క మాట నిజం చెప్పుకోవాలి. అన్నీ కొత్తవి విడివిడిగా కొంటే, షాపులో తయారుగా ఉన్న సైకిలు కన్నా ఖర్చు ఎక్కువ కావచ్చు. అందుకని ముందు రెండు ధరలూ కనుక్కోండి. కాగితం మీద పక్క పక్కన రాయండి. మంచి పాత ఫ్రేము దొరికితే ఖర్చు తగ్గుతుంది. లేదా తయారు సైకిలు కొని ఫ్రీవీలు, క్యారేజీ, సీటు మాత్రం మార్పించుకోండి. అదీ మన కొలతకు కట్టించుకున్నట్టే.

పొట్లం మీద చేసినవారి పేరు, ఊరు, గరిష్ఠ ధర చదవండి. ఏ దేశంలో చేశారో చూడండి. బిల్లు అడగండి. బిల్లులో ఒక్కో వస్తువూ విడిగా రాయమనండి. కూడిక మీరే చేయండి.

పుదుక్కోట్టై అక్కలు

తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1991లో అక్కడ మనలాగే ఆడవాళ్ళు రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దారు. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ అనే ఆమె. చదువుతో పాటు సైకిలు కూడా నేర్పించాలన్నారు. వేలమంది నేర్చుకున్నారు. పొలాల్లో పనిచేసేవారు, రాళ్ళ క్వారీల్లో పనిచేసేవారు కూడా నేర్చుకున్నారు. 1992 మహిళా దినోత్సవం నాడు 1500 మందికి పైగా సైకిళ్ళ మీద ఊరేగారు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలక చాలామంది మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. ముందు కమ్మీ మీద బిడ్డను కూర్చోపెట్టుకోవచ్చని కొందరు అదే కావాలన్నారు. వాళ్ళ అవసరం వాళ్ళకు తెలుసు. మన అవసరం మనకు తెలుసు. దాన్ని అంకెల్లో చెప్పడం ఇప్పుడు మనకు వచ్చు.

రేపటి పని ఇది. మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ ఉన్న సైకిలు దగ్గరికి వెళ్ళండి. టైరు మీది అంకెలు పలకలో రాయండి. చువ్వలు లెక్కపెట్టండి. రెండు పళ్ళ చక్రాల పళ్ళు లెక్కపెట్టండి. పెద్ద అంకెను చిన్న అంకెతో భాగించండి. మొత్తం రాసుకుని రండి. సైకిలు కొనుక్కునే ముగ్గురి కోసం మనమంతా కలిసి మూడు జాబితాలు తయారు చేద్దాం.