కాయలో మందు ఉందంటే రిపోర్టు చూపించమందాం
(మిర్చి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యార్డులో టిక్కీలు దించగానే మనం వినే మాట ఒకటుంది: "మీ కాయలో మందు ఉంది, ఎగుమతికి పనికిరాదు." ఆ ఒక్క మాటతో క్వింటాలు రేటు తగ్గిపోతుంది. మేమూ అలా నష్టపోయినవాళ్లమే. మందు అవశేషం కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు. మరి వాళ్లకెలా తెలిసింది?

బడిలో సుద్దముక్క మీద సిరాచుక్క పెట్టి, అడుగును నీళ్లలో ఉంచితే రంగులు విడివిడిగా పైకి పాకడం చూశాం. అదే పని కాగితం మీద చేస్తే పేపర్ క్రోమటోగ్రఫీ. ఖర్చు తక్కువే. కానీ గంటలు పడుతుంది. రంగులేని పదార్థం కనపడాలంటే మరో రసాయనం చల్లాలి. దగ్గరగా ఉన్న మచ్చలు కలిసిపోతాయి. ఎంత ఉందో కచ్చితంగా తేలదు.

1952లో ఇంగ్లండులో జేమ్స్, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు గ్యాస్ క్రోమటోగ్రఫీని లోకానికి చూపారు. కాయపొడిలోని మందును ద్రావణంలోకి లాగి, అందులో ఒక చిన్న బొట్టును వేడితో ఆవిరి చేస్తారు. హీలియం వంటి వాయువు ఆ ఆవిరిని సన్నని గొట్టంలోంచి తోసుకుపోతుంది. గొట్టం పొడవు సాధారణంగా 30 మీటర్లు, లోపలి వెడల్పు పావు మిల్లీమీటరు. లోపలి గోడకు పూత ఉంటుంది. తిరనాళ్లకు అందరూ కలిసి బయల్దేరినా, ప్రతి అంగడి దగ్గరా ఆగేవాడు వెనకబడతాడు కదా! అలాగే పూతను ఎక్కువగా పట్టుకునే పదార్థం ఆలస్యంగా బయటికొస్తుంది. ఏ నిమిషానికి వచ్చిందన్నది మందు పేరు చెబుతుంది. గీతలో లేచిన శిఖరం సైజు, ఎంత ఉందో చెబుతుంది. రెండు మందులు ఒకే నిమిషానికి రావచ్చు కనుక మాస్ స్పెక్ట్రోమీటరుతో రూఢి చేస్తారు.

విడిగా హద్దు పెట్టని మందుకు యూరప్ దేశాల హద్దు కిలోకు 0.01 మిల్లీగ్రాము. అంటే 100 టన్నుల కాయలో ఒక్క గ్రాము! అంత తక్కువను కాగితం పట్టలేదు, ఈ యంత్రం పడుతుంది. అయితే ఇమిడాక్లోప్రిడ్ వంటి కొన్ని మందులకు ఇది కుదరదు. వాటికి లిక్విడ్ క్రోమటోగ్రఫీ వాడతారు.

కనుక మనం అడగాల్సినవి మూడు. శాంపిల్ మన ఎదుటే తీసి సీలు వేయాలి. అందులో ఒక భాగం మనకివ్వాలి. రిపోర్టులో మందు పేరు, మోతాదు, హద్దు, పరీక్ష పద్ధతి ఉండాలి.

మన వంతు మనమూ చేద్దాం. చివరి మందు కొట్టాక ఎన్నిరోజులు ఆగి కోయాలో డబ్బాతో వచ్చే కాగితంలో ఉంటుంది, పాటిద్దాం. తప్పు తేలితే దిద్దుకుంటాం. నోటిమాటకు మాత్రం రేటు కోయనివ్వం.