ఒక బండి - ఒక కుటుంబము

పంచాయతీ సభ్యులారా!

మోటారు సైకిలు లేనిదే నేడు పల్లెకు కాలు చేయి ఆడదు. పాలు కేంద్రమునకు చేర్చుటకును, బిడ్డను బడికి దింపుటకును అదియే ఆధారము. దానిని మానుడని మేము చెప్పము. అయితే దానిపై కూర్చున్నవాడు ఒక ఇంటికి ఆధారమని మరువరాదు.

2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై ప్రయాణించినవారే. హెల్మెట్టు లేక మరణించిన 50,029 మందిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. కనుక ఇంటికి ఒక్క హెల్మెట్టు చాలదు. నాలుగేండ్లలోపు బిడ్డను ఎక్కించుకొన్నప్పుడు బిడ్డకు హెల్మెట్టు, నడుపువానితో కలిపి కట్టు పట్టీ ఉండవలెను; వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదు.

థర్డ్ పార్టీ బీమా ఎదుటివారి నష్టమునకే. బండి నడుపు యజమాని కుటుంబమునకు అక్కరకు వచ్చునది 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా. లైసెన్సు లేనిచో అదియు దక్కదు.

ఇక మన వంతు. రోడ్డుపై ధాన్యము ఆరబోయు రైతుకు కల్లము చూపుదము. కుప్పల చుట్టు పేర్చిన రాళ్లను చీకటి పడకముందే తీయింతము. వచ్చే సమావేశమునకు మనమే హెల్మెట్టుతో వత్తము. ఊరు మన మాట వినుటకు ముందు మన తల చూచును.