ఒంటరి వేట

డెంకణికోట, తళి ప్రాంతాల వారికి జవళగిరి అడవి గురించి నేను కొత్తగా చెప్పనక్కర లేదు. ఆ అడవిలో మనుషులను పొట్టన పెట్టుకున్న ఒక ఆడపులిని కెన్నెత్ ఆండర్సన్ ఒంటరిగా ఎదుర్కొన్న సంగతి 1954లో వెలువడిన ఆయన పుస్తకంలో ఉంది. అది జత కోసం పిలుస్తున్న వేళ ఆయన చాటున కూర్చుని మగపులి గొంతుతో బదులు పలికారు. పులి తానే నడిచి వచ్చింది. వినడానికి సులువుగానే ఉంది కదూ! ఆ గొంతు పట్టుబడాలంటే ఎన్ని రాత్రులు చెవి ఒగ్గి వినాలో ఆలోచించండి.

పదిమంది కలిసి వెళితే ధైర్యం కదా అంటారేమో. ధైర్యం సరే, ఎండుటాకుల చప్పుడో? పైగా పొదలో కదిలింది పులో, తోడొచ్చిన మనిషో తేలకముందే తుపాకీ పేలవచ్చు. అందుకే జిమ్ కార్బెట్ 1907లో చంపావత్ పులి పనికి ఒప్పుకునే ముందు, బహుమానం రద్దు చేయాలనీ, మిగతా వేటగాళ్లను వెనక్కి పిలవాలనీ షరతు పెట్టారు.

ఇక గాలి. తన వాసన తగలకుండా పులి గాలికి ఎదురుగా వస్తుంది. మనిషికి అంత ముక్కు లేదని దానికి తెలియదంటారు కార్బెట్. అంటే గాలి మీ ముఖానికి కొడుతుంటే అపాయం మీ వీపు వెనక ఉన్నట్టు. ఆయన తిన్నగా నడవకుండా, గాలికి అడ్డంగా కాసేపు కుడికి, కాసేపు ఎడమకు నడిచేవారు. అప్పుడు అపాయం పక్కకు వస్తుంది, కంటికి చిక్కుతుంది.

కంటికన్నా చెవి ముందు. చెట్టు మీద కొండముచ్చు దగ్గినట్టు అరిచినా, దుప్పి కూసినా ఆగి వినాలి. కణితి గట్టిగా మోగిందంటే మాత్రం దగ్గరలో ఏదో ఉన్నట్టే.

1972 చట్టం తర్వాత వేట నేరం. నాకైతే దాని మీద బెంగ లేదు. కానీ చిరుతలు చెరకు తోటల దాకా వస్తున్నాయి. తెల్లవారుజామున మడికి నీళ్లు కట్టబోయే రైతుకూ, మేకలు కాసే పిల్లవాడికీ ఆ విద్య పనికొస్తుంది, తలకిందులుగా. వేటగాడు చప్పుడు చేయకూడదు, మీరు చేయాలి. ఒంటరిగా పోక తప్పకపోతే లైటు వేసుకుని, కర్ర తాటిస్తూ, పాట పాడుకుంటూ పొండి. పొదల పక్కన గొంతుక్కూర్చోవద్దు. అలా కూర్చున్న మనిషి చిరుత కంటికి మేకంతే ఉంటాడు. ఎదురుపడితే పరుగెత్తకండి. నిలువుగా నిలబడి, దానివైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి. మేకల కొట్టానికి తలుపొక్కటే చాలదు, పైకప్పు కూడా గట్టిగా వేయించండి. చిరుత పైనుంచి కూడా దిగుతుంది.