ఫ్లైవీలు బరువు తగ్గింపవచ్చునా?

కొండదారులలోను, వాగులు దాటవలసిన అడవిబాటలలోను జీపులు నడుపువారిలో ఒక కోరిక తరచుగా కనిపించును. ఇంజను వెనుకనున్న ఫ్లైవీలును లేతుపై నెక్కించి కొంత ఇనుమును చెక్కివేసినచో బండి చురుకగునని వారి నమ్మకము. ఈ నమ్మకములో నిజము లేకపోలేదు. కాని ఆ చురుకుదనము మనకు ఎక్కడ లభించును? దానికి బదులుగా మనము కోల్పోవునది యేమి? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసికొనక లేతు వద్దకు పోవుట క్షేమము కాదు.

ముందుగా ఫ్లైవీలు చేయు పని యేమో చూతము. శాస్త్రగ్రంథములలో దీనిని గతిపాలక చక్రమందురు. కుమ్మరి సారెను చూచినవారికి దీని ధర్మమును వేరుగా చెప్పనక్కరలేదు. కుమ్మరి కర్రతో గట్టిగా త్రిప్పి వదలిన పిమ్మట, మట్టిముద్దకు రూపము వచ్చువరకు సారె తనంతట తాను తిరుగుచునే యుండును. త్రిప్పినపుడు పొందిన శక్తిని ఆ బరువైన చక్రము దాచుకొని, కొంచెము కొంచెముగా వెచ్చించుచున్నది. ఇంజనులోని ఫ్లైవీలు కూడ ఇట్టి పొదుపరియే. పెట్రోలు మండి పిస్టనును త్రోయుట ఎడతెగక జరుగు పని కాదు. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంకుషాఫ్టు ఒక చుట్టు తిరుగునప్పటికి రెండు త్రోపులు మాత్రమే లభించును. త్రోపు బలముగా నున్నపుడు శక్తిని పుచ్చుకొని, అది సన్నగిల్లినపుడు తిరిగి యిచ్చి, ఇంజను నడకను సమముగా నుంచునది ఫ్లైవీలు.

ఈ నిల్వను గూర్చి రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. చక్రవేగము రెట్టింపైనచో నిల్వ నాలుగింతలగును. ఇక బరువు కేంద్రమునకు ఎంత దూరమున నున్నదో, దాని విలువ అంతకంటె త్వరగా పెరుగును. ఒకే మందము గల బిళ్ళవంటి చక్రములో అంచువైపున నున్న సగము బరువు, మొత్తము నిల్వలో నాలుగింట మూడువంతులను మోయుచుండును. కావున నడుమ చెక్కిన కిలో వేరు, అంచున చెక్కిన కిలో వేరు.

ఇప్పుడు ఒక బండిని తీసికొని లెక్క వేయుదము. 1941 నుండి 1945 వరకు యుద్ధావసరములకై తయారైన విల్లీస్ జీపు ప్రసిద్ధమైనది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మన దేశములో మహీంద్రా సంస్థ అమర్చిన జీపులు ఈ వంశమునకు చెందినవే. ఆ యుద్ధకాలపు జీపు బరువు సుమారు 1,100 కిలోలు; ఇంజను 2.2 లీటర్లది, బలము 60 అశ్వశక్తులు. టాపు గేరులో ఇంజను 4.88 చుట్లు తిరిగినచో బండి చక్రము ఒక చుట్టు తిరుగును. లో రేంజి మొదటి గేరులో ఇంజను సుమారు 25.6 చుట్లు తిరుగవలెను.

ఈ ఫ్లైవీలులో కేంద్రమునకు 13 సెంటీమీటర్ల దూరమున 3 కిలోల ఇనుమును చెక్కితిమనుకొందము. బండి వేగము పుంజుకొనునపుడు ఆ 3 కిలోల లోటు, లో రేంజి మొదటి గేరులో సుమారు 260 కిలోల బరువును దింపినంత పని చేయును. మామూలు మొదటి గేరులో అది 67 కిలోలకు సమానము. టాపు గేరులో 10 కిలోలకు మించదు. గేరు నిష్పత్తి యొక్క వర్గమును బట్టి ఈ ఫలము మారుటయే దీనికి కారణము.

ఇందలి చమత్కారమును శ్రోతలు గమనింతురు గాక. గొప్ప లాభము కనబడుచున్నది లో రేంజిలో. కాని లో రేంజిని వేసికొనునది నెమ్మదిగా ప్రాకుటకే గాని, పరుగెత్తుటకు కాదు. పరుగు కావలసిన టాపు గేరులో దక్కిన లాభము 10 కిలోల బరువును దింపినంత మాత్రమే. ఒకే వేగముతో కొండ నెక్కునపుడు ఏ గేరులోనైనను లాభము సున్న. ఫ్లైవీలును చెక్కినందువలన ఇంజను బలము వీసమెత్తు పెరుగదు; 60 అశ్వశక్తులు 60గానే యుండును.

అట్లని ప్రయోజనములు లేవనుట న్యాయము కాదు. తేలిక ఫ్లైవీలు గల ఇంజను యాక్సిలరేటరును త్రొక్కగానే పలుకును, వదలగానే దిగును. అందుచేత పై గేరునకు మార్చుట త్వరితమగును. ఇసుకలోను, బురదలోను చక్రములను చప్పున వేగముగా త్రిప్పవలసిన పందెపు డ్రైవరునకు ఇది మేలు. మరియొక మేలు కూడ కలదు. ఎగిరిపడి గాలిలో తిరుగుచున్న చక్రము ఒక్కసారిగా నేలను పట్టుకొన్నప్పుడు, ఫ్లైవీలులోని నిల్వ అంతయు యాక్సిల్ షాఫ్టుపై పడును. నిల్వ తక్కువైనచో ఆ దెబ్బయు తక్కువగును.

ఇక అపాయములు. మొదటిది ఇంజను ఆగిపోవుట. లో రేంజి మొదటి గేరులో, ఇంజను నిమిషమునకు 600 చుట్లు తిరుగుచుండగా, జీపు గంటకు సుమారు 3 కిలోమీటర్ల వేగముతో ప్రాకును. చక్రము ఒక రాతి అంచును తాకినపుడు, తరువాతి త్రోపు వచ్చులోపల బండిని ముందుకు నెట్టునది ఫ్లైవీలులోని నిల్వయే. మనము చెక్కివేసిన 3 కిలోలలో ఆ వేగమున దాగియుండిన శక్తి, జీపునంతను సుమారు ఒక సెంటీమీటరు ఎత్తునకు లేపగలిగినంత. సెంటీమీటరు స్వల్పమనిపించును, కాని రాయి దాటుటకును, దాటలేక ఇంజను ఆగిపోవుటకును నడుమ భేదము ఒక్కొక్కప్పుడు అంతే. మనుష్యులతో నిండిన బండి లోయ ప్రక్కన ఎగువకు ఎక్కుచు ఆగిపోయినచో, అది వెనుకకు జారకముందే డ్రైవరు కాలు బ్రేకును వెదకికొనవలెను. వాగు నడుమ ఆగినచో పొగగొట్టము గుండ ఇంజనులోనికి నీరు చేరవచ్చును. ఈ భయముచేత డ్రైవరు ఇంజనును ఎక్కువ వేగముగా త్రిప్పి, క్లచ్చును సగము త్రొక్కిపట్టి నడుపుటకు అలవాటుపడును.

రెండవ అపాయము దానినుండి పుట్టినదే. క్లచ్చు జారినపుడు పుట్టిన వేడిని చాలవరకు పుచ్చుకొనునది ఫ్లైవీలు ముఖము. ఇనుము పలుచనైన కొలది అది త్వరగా కాగును, వంకరపోవును, నెరియలు వారును.

మూడవది తూకము. 13 సెంటీమీటర్ల దూరమున 10 గ్రాముల బరువు ఒక ప్రక్కకు మిగిలిపోయినచో, నిమిషమునకు 4,000 చుట్ల వేగమున అది సుమారు 23 కిలోల బలముతో క్రాంకుషాఫ్టును చుట్టును గుంజుచుండును. బేరింగులు దీనిని ఎంతోకాలము ఓర్వజాలవు.

నాలుగవది ప్రాణాపాయము. అదే వేగమున ఫ్లైవీలు అంచు గంటకు 195 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుచుండును. పోత ఇనుము నొక్కుడును ఓర్చినంతగా లాగుడును ఓర్వదు. మూలలు పదునుగా నుండునట్లు చెక్కినను, అందు కంటికి కనబడని నెరియ యున్నను, లాగుడు అచ్చటనే చేరును. చురుకైనది గదా యని ఇంజనును ఒకటిన్నర రెట్లు వేగముగా త్రిప్పినచో, ఆ లాగుడు రెండుంబావు రెట్లగును. ఫ్లైవీలు పగిలినచో ముక్కలు దాని కవచమును చీల్చుకొని రాగలవు. ఆ కవచమునకు చేరువనే డ్రైవరు కాళ్ళుండునని మరువరాదు.

కావున ఈ పని ఎవరికి తగును? ఇసుకలో పందెములకు నడుపువారికి, ఉక్కుతో ప్రత్యేకముగా చేసిన తేలిక చక్రము తగును. కొండయూళ్ళకు మనుష్యులను, సరుకులను చేరవేయువారికి ఇది తగదు. డీజిలు ఇంజనుకు అసలే తగదు. అందు గాలిని మరింత గట్టిగా నొక్కవలసియుండుటచే బరువైన ఫ్లైవీలు ఆవశ్యకము. నేటి కొన్ని బండ్లలో ఫ్లైవీలు నడుమ స్ప్రింగులు గల రెండు భాగములుగా నుండును. దానిని లేతుపై పెట్టనే కూడదు.

బండి మందగించినదని తోచినపుడు ముందు చూడవలసినవి వేరే కలవు. ఇగ్నిషను టైమింగు సరిగా నున్నదా? కార్బురేటరు శుభ్రముగా నున్నదా? వాల్వులు సరిగా మూసికొనుచున్నవా? బ్రేకులు చక్రములను పట్టుకొనుచున్నవా? క్లచ్చు జారుచున్నదా? పోయిన చురుకుదనము చాలసార్లు వీనిలో దొరుకును.

ఇవన్నియు చూచిన పిమ్మట కూడ ప్రయోగము చేయదలచినవారు బండితో వచ్చిన ఫ్లైవీలును ముట్టుకొనక, మరియొక దానిని సంపాదించి అనుభవజ్ఞుడైన మెకానిక్కుచే పని చేయింపవలెను. నెరియలు లేవని పరీక్షింపవలెను. క్లచ్చు రాపిడి ముఖమును, స్టార్టరు పండ్ల చట్రము కూర్చున్న చోటును పలుచన చేయరాదు. పని ముగిసిన పిమ్మట క్లచ్చు కవరుతో కలిపి తూకము సరిచూడవలెను. మొదటి చక్రమును నూనె రాసి భద్రపరచుకొనుడు. చెక్కిన ఇనుమును తిరిగి అతుకలేము. దాచిన చక్రమును మాత్రము ఎప్పుడైనను తిరిగి బిగించుకొనవచ్చును.