ముందు ఆగాలి, తర్వాత చల్లగా ఉండాలి: వక్రాలో పాత కారు బాగుచేసుకున్న లెక్క

(ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలే ఇవి. చదవడానికి వీలుగా అక్కడక్కడా కొంచెం సరిచేశాం.)

చాలామంది అన్నలు, తమ్ముళ్ళు అడిగిన విషయం ఈసారి: తక్కువ ఖర్చులో పాత కారు కొని, ఇంటి దగ్గరే బాగుచేసుకోవచ్చా? చేసుకోవచ్చు. కాకపోతే డబ్బులు ఏ వరసలో ఖర్చు పెడుతున్నామన్నదే అసలు సంగతి.

నేనుండేది అల్ వక్రాలో, పని మెసాయిద్ వైపు. 2019లో మెట్రో రెడ్ లైన్ వక్రా దాకా వచ్చింది, దోహా వెళ్ళాలంటే బాధ లేదు. కానీ మెట్రో వక్రాలోనే ఆగిపోతుంది, మెసాయిద్ వెళ్ళదు. నైట్ షిఫ్టు వాడికి బండి కావాల్సిందే. వీసాలో రాసిన వృత్తిని బట్టి కొందరికి ఇక్కడ లైసెన్సు రాదు. కాబట్టి బండి బేరం చేసే ముందు ఆ సంగతి తేల్చుకోండి.

నేను 5,000 రియాళ్ళకు 2008 కరోలా తీసుకున్నాను. ఇంట్లో చెప్పగానే మా ఆవిడ అడిగింది: "మరి స్లాబ్ ఎప్పుడేస్తారు?" ఊళ్ళో గోడలు లేచి ఏడాదైంది, పైకప్పు లేదు. అందుకే మాటిచ్చాను: బండి మీద ఇంకో 2,500 దాటను, నెలనెలా ఇంటికి పంపేదాంట్లో ఒక్క రియాల్ తగ్గించను. పాత బండి కొనే ప్రతివాడూ ఇలాంటి గీత ఒకటి ముందే గీసుకోవాలి. లేకపోతే ఆ బండి స్లాబును కూడా మింగేస్తుంది.

మా విల్లాలో ఒక బాబాయ్ ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ళు పనిచేసి ఇక్కడికొచ్చిన మేస్త్రీ. ఆయన చెప్పిన వరస ఇది: "ముందు బండి ఆగాలిరా. తర్వాత చల్లగా ఉండాలి. డబ్బులు మిగిలితే అప్పుడు అందం."

ఆగడం అంటే టైర్లు, బ్రేకులు. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారం గడిలో నాలుగంకెలు ఉంటాయి. 3223 అంటే 2023లో 32వ వారంలో తయారైంది అని. నా బండి టైర్లకు గాట్లు బాగానే ఉన్నాయి, కానీ తయారై ఏడేళ్ళయింది. ఇక్కడి ఎండకు రబ్బరు లోపల్నుంచి ఎండిపోతుంది. పైకి కొత్తగా కనిపిస్తూనే వంద స్పీడులో పేలుతుంది. స్క్రాప్‌లో టైర్లు చవగ్గా దొరుకుతాయని ఎవరైనా చెప్తే దణ్ణం పెట్టి వచ్చేయండి. నాలుగు కొత్త టైర్లు 640. ముందు ప్యాడ్లు, వెనక షూలు, డిస్కు చెక్కడం, ఫ్లూయిడ్ కలిపి 310.

ఇక చల్లదనం. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు బయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలుంది కదా. మనిషికే అంత ఎండ అయితే ఇంజను సంగతి చెప్పాలా? పాత ఓనరు రేడియేటర్లో కుళాయి నీళ్ళు పోసి నడిపాడు. లోపలంతా తుప్పు, సున్నపు పొర. కొత్త రేడియేటర్ 240, హోస్ పైపులు, థర్మోస్టాట్ 110, కూలెంట్ 50. కూలెంట్‌లో కలిపేది డిస్టిల్డ్ వాటరే, సగం సగం. బండి వేడిగా ఉన్నప్పుడు మాత్రం రేడియేటర్ మూత జోలికి పోవద్దు. మరిగే నీళ్ళు మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

బ్యాటరీ 230. ముందు చక్రాల లోయర్ ఆర్మ్ బుష్‌లు, అలైన్‌మెంట్ 280. ఏసీ గ్యాసు, కండెన్సర్ శుభ్రం 150. గ్యాసు పని సొంతంగా చేయకండి, దానికి మిషన్ ఉంటుంది. ఇక్కడికి 2,010 అయింది. అప్పటికి బండి చూడ్డానికి ఏమాత్రం మారలేదు. పక్క గది తమ్ముడు నవ్వాడు కూడా: "అన్నా, రెండు వేలు ఎక్కడ పెట్టావ్, కనబడట్లేదే!" కనబడకపోవడమే మంచిది తమ్ముడూ, కనబడని చోటే ప్రాణం ఉంది.

పనులు చలికాలం శుక్రవారాల్లో, విల్లా ఆవరణలో, ఓనర్ని అడిగి చేశాం. రోడ్డు మీద పెట్టుకోలేదు. ఒక్క విషయం గట్టిగా చెప్తాను: ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి దూరొద్దు. సిమెంటు బ్రిక్కులు పెట్టి అసలు దూరొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. జాకీ స్టాండ్లు అరువు తెచ్చుకోండి. బ్రేకు దుమ్ము నోటితో ఊదకండి, బ్రేక్ క్లీనర్‌తో కడగండి. స్టీరింగ్, సీటు విప్పేటప్పుడు ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి ముందు బ్యాటరీ తీసేసి కాసేపు ఆగండి.

మిగిలిన 490తో అందం. పసుపెక్కిన హెడ్‌లైట్లను 800, 1500, 2000, 3000 నంబరు ఎమరీ పేపర్లతో వరసగా నీళ్ళు పోస్తూ రుద్ది, పాలిష్ పెట్టి, పైన ఎండ తట్టుకునే క్లియర్ కోటు వేశాం. 60 రియాళ్ళు. రాత్రి రోడ్డు కొత్తగా కనిపించింది. సీటు కవర్లు 180. వెనక కెమెరా, చిన్న స్క్రీను 200, దాని వైరుకు విడిగా ఫ్యూజు పెట్టాం. మొత్తం 2,450.

పెయింట్ ఇంటి దగ్గర కొట్టలేదు. స్ప్రే చేసే క్లియర్ కోటులో కలిపే హార్డెనర్ ఊపిరితిత్తులకు విషం, మూతికి గుడ్డ కట్టుకుంటే ఆగదు. రంగు మార్చాలన్నా ట్రాఫిక్ శాఖ అనుమతి కావాలి, ఇస్తిమారాలో రంగు కూడా రాసి ఉంటుంది. పైగా వక్రాలో సముద్రం గాలి, ఉప్పు తేమ. తలుపుల అడుగు, చక్రాల పైభాగం నెలకోసారి మంచినీళ్ళతో కడిగి తుడుచుకోండి. తుప్పు ముందు అక్కడే మొదలవుతుంది.

పెద్ద రిమ్ములు, గోల చేసే సైలెన్సర్ వద్దన్నానని తమ్ముడు అలిగాడు. హైదరాబాద్‌లో జూ పార్కు దగ్గర సుధా కార్ల మ్యూజియం చూసినవాళ్ళుంటారు. సుధాకర్ యాదవ్ గారు క్రికెట్ బ్యాటులా, బర్గర్‌లా, కెమెరాలా కార్లు తయారుచేశారు. ఆయన చేసిన పెద్ద ట్రైసైకిల్‌కు 2005లో గిన్నిస్ రికార్డు వచ్చింది. అది ప్రదర్శన కోసం చేసిన కళ, దాని గొప్ప దానిది. మన బండి మాత్రం ఫాహెస్ తనిఖీ దాటాలి, రోజూ రోడ్డెక్కాలి. మూడేళ్ళు దాటిన బండికి ఏటా ఆ తనిఖీ తప్పదు. అది పాసై, ఇన్సూరెన్స్ ఉంటేనే ఇస్తిమారా రెన్యువల్.

ఇంకో రెండు మాటలు. డబ్బులు తీసుకుని మనుషుల్ని తిప్పే పని పెట్టుకోకండి, చట్టం ఒప్పుకోదు. ఊరికి పూర్తిగా వెళ్ళిపోయే ముందు జరిమానాలు కట్టేసి, బండి పేరు మార్పించే వెళ్ళండి. "నువ్వు నడుపుకో, తర్వాత చూద్దాం" అని తాళాలిచ్చి విమానం ఎక్కితే, ఆ బండి చేసే ప్రతి తప్పూ మీ పేరు మీదే పడుతుంది. రోడ్డు పక్కన దుమ్ముకొట్టుకుపోయేలా వదిలేస్తే మున్సిపాలిటీ వాళ్ళు ఎత్తుకెళ్తారు.

పాత బండి మీద మోజు తప్పు కాదు. సాయంత్రం చేతులకు గ్రీజు అంటితే మనసు తేలికపడుతుంది, అదీ నిజమే. కానీ బండి ఇక్కడ ఉన్నన్నాళ్ళే మనది, స్లాబ్ పిల్లలది. ఆ లెక్క తప్పకుండా ఎంత ముద్దు చేసుకున్నా ఫరవాలేదు. మీ బండి ఏ మోడలో, ఎక్కడ ఇబ్బంది పెడుతోందో వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో బాబాయ్‌ని కూర్చోబెట్టి జవాబులు చెప్పిస్తాను. జాగ్రత్తగా నడపండి, ఉంటాను.