మైకు దగ్గరి మనిషి



శ్రీరామనవమి పందిళ్ళు, దసరా నవరాత్రులు వచ్చాయంటే మన ఊళ్ళలో కచేరీలకు లోటుండదు. ఇంటికొచ్చాక తోడి రాగం ఎంత బాగా పాడారో, మృదంగం ఎంత హాయిగా ఉందో చెప్పుకుంటాం. మైకు సంగతి మాత్రం అది మొరాయించినప్పుడే గుర్తొస్తుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, పాపం మైకు అబ్బాయిని ఆడిపోసుకుంటాం. పెద్ద సభల్లో అతన్నే సౌండ్ ఇంజనీరంటారు. అతనికీ కళాకారులకీ మధ్య ఉండవలసిన పొత్తు గురించి ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

మైకులు లేని రోజుల్లో గొంతెత్తి, పై శ్రుతిలో పాడితేనే వెనక వరుసలకు వినపడేది. 1930ల తర్వాత మైకు వాడకం పెరిగి, నింపాదిగా పాడినా సభంతా వినే వీలు కలిగింది. సన్నని గొంతులకూ, మెత్తని నాదం గల వీణకూ ఇది ఎంతో మేలు చేసింది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు (1969–2014) ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి లోకాన్ని మెప్పించారు. ఆ నాదం మన చెవిని చేరింది స్పీకరు ద్వారానే కదా!

మరి మధ్యలో ‘కూ...’ అనే కూత ఎందుకొస్తుంది? మైకు విన్నదాన్ని స్పీకరు పెద్దది చేస్తుంది. ఆ పెద్ద శబ్దం తిరిగి మైకులో దూరితే ఇంకా పెద్దదై బయటికొస్తుంది. అలా తిరిగి తిరిగి కూతవుతుంది. అందుకే పెద్ద స్పీకర్లను మైకులకంటే ముందు, జనంవైపు తిప్పి పెడతారు. కళాకారులు తమ గొంతు తాము వినడానికి వేదికమీద వారికేసి తిప్పిన చిన్న స్పీకర్లుంటాయి. వాటిని మానిటర్లంటారు.

చిక్కంతా ఇక్కడే. తన గొంతు తనకు వినపడక గాయని ‘పెంచండి’ అని సైగ చేస్తారు. మానిటరు పెంచాలా, బయటి స్పీకర్లు పెంచాలా? ముందు అనుకోలేదు గనుక అతను బయటివి పెంచేస్తాడు. వెంటనే వయొలిన్ వారు మాదీ అంటారు, మృదంగం వారు మాదీ అంటారు. ఉప్పెక్కువైందని కారం, కారమెక్కువైందని పులుపు వేసుకుంటూ పోయినట్టు, చివరికి కూత తప్పదు. చేయి తిరిగినవాడైతే గొంతు పెంచడానికి బదులు పక్కవాద్యాన్ని ఒక పిసరు తగ్గిస్తాడు.

మా పేటలో ఒక గుడిలో నవరాత్రులకు ఒకమ్మాయి వీణ కచేరీ పెట్టారు. ముందున్న ఉపన్యాసం సాగి సాగి, మైకు సరిచూసుకోవడానికి అయిదు నిమిషాలైనా మిగల్లేదు. మృదంగం ఉరుముతోంది, వీణ వినపడదు. ఆ పిల్ల కంగారుపడి తీగెల్ని గట్టిగా మీటసాగింది. గట్టిగా మీటితే గమకంలోని సొగసు పోతుంది. ‘ఇంకా సాధన చాలదు’ అంటూ నా పక్కవాళ్ళు లేచిపోయారు. ఏళ్ళ తరబడి చేసిన సాధనకు ఆ పిల్లకు దక్కింది ఆ మాట!

తప్పు ఆమెదీ కాదు, మైకు అబ్బాయిదీ కాదు. వాళ్ళిద్దరికీ అరగంట ఇవ్వని నిర్వాహకులది. ఆ అరగంటలో ఒక్కొక్కరూ విడిగా, తర్వాత అందరూ కలిసి వాయించి చూసుకోవాలి. ఏ సైగకు ఏమిటి అర్థమో చెప్పుకోవాలి. నోటికీ మైకుకీ ఎంత ఎడముండాలో కూడా అప్పుడే తేలాలి. ఆ ఎడం రెట్టింపైతే మైకుకు అందే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గిపోతుంది. ఖాళీ హాల్లో సరిపోయింది జనం నిండాక సరిపోదు, మనుషులూ బట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి. కనుక మొదటి కృతి అయ్యేదాకా అతని చేయి మైకు పెట్టె మీదే ఉండాలి. ఆ సమయంలో అతన్ని కాఫీలకూ కుర్చీలకూ పంపకండి.

ఇప్పుడు కాలనీ ఉత్సవాల కమిటీల్లో మనలో చాలామందిమే ఉంటున్నాం. ముందురోజే ఎన్ని వాద్యాలో, ఎవరెక్కడ కూర్చుంటారో ఒక చీటీ మీద రాసి మైకు ఆయనకివ్వండి. కళాకారులు రాగానే ఆయన్ని పేరు చెప్పి పరిచయం చేయండి. ఉపన్యాసాలు కుదించైనా సరే, ఆ అరగంట మిగల్చండి. చివర్లో పక్కవాద్యాలవారికి శాలువా కప్పేటప్పుడు ఆయన్నీ వేదిక మీదికి పిలవండి. ఆ సాయంత్రం ఆయనా ఒక పక్కవాద్యమే కదా!