పందిని దొడ్డిలో మేపండి



పందుల ముచ్చట అనగానే కొందరు ముఖం చిట్లించవచ్చును. తినడం, తినకపోవడం ఎవరి ఆచారం వారిది. కాని ఈ సంగతి తినేవారికీ, తిననివారికీ ఇద్దరికీ కావలసినదే. ఎట్లాగో చెబుతాను, వినండి.

లోకంలో ఈ మాంసాన్ని ఎన్నో విధాల వండుతారు. ఇటలీలోని పార్మా సీమలో పంది తొడకు ఉప్పు ఒక్కటే పట్టించి, ఏడాదికి పైగా గాలికి ఆరబెడతారు. ఉప్పులో ఊరవేసి పొగ చూపితే బేకను. మసాలా కలిపి పేగులో కూరితే సాసేజి. గోవావారి విందాలూ పోర్చుగీసువారి దగ్గర నేర్చినది. కొడగువారు కాచంపులి అనే నల్లని పులుసు పోసి పందికూర వండుతారు.

మన గుంతకల్లు రైతుకు నచ్చే ముచ్చట ఇంకొకటున్నది. అమెరికాలోని వర్జీనియాలో స్మిత్‌ఫీల్డ్ అనే ఊరి పంది తొడకు పెద్ద పేరు. చెనిక్కాయ మేసిన పంది తొడకే ఆ పేరు చెల్లునని 1926లో అక్కడ చట్టం చేసినారు. ఆ నియమాన్ని తరువాత తీసివేసినారు గాని, మేతను బట్టే మాంసం అన్న మాట మిగిలింది. మరి మన చెనిక్కాయ సీమలో పందికి ఏం పెడుతున్నాం? వీధిలోకి వదిలేస్తున్నాం!

ఇక్కడే ఉంది ప్రమాదం. మనిషి కడుపులో బద్దెపురుగు ఉంటే దాని గుడ్లు మలంలో పడతాయి. ఆ మలం తిన్న పంది కండలో సగ్గుబియ్యం వంటి తెల్లని బుడగలు పుడతాయి. ఆ మాంసం సరిగా ఉడకకుండా తిన్నవారి కడుపులో మళ్ళీ పురుగు. అంతటితో పోదు. ఆ గుడ్లు మురికి చేతుల ద్వారా, కడగని కూరగాయల ద్వారా ఎవరి నోట పడినా, మెదడుకు చేరి మూర్ఛ తెప్పించవచ్చును. మాంసం ముట్టని ఇంటి బిడ్డకూ రావచ్చును. అందుకే ఇది అందరి సంగతి అన్నాను.

చేయవలసినదేమి? మరుగుదొడ్డి వాడండి. పందిని దొడ్డిలో కట్టడి చేయండి. తవుడు, జొన్న నూక, చెనిక్కాయ చెక్క పెట్టండి. బూజు పట్టిన చెక్క మాత్రం వద్దు, ఆ విషం కాలేయాన్ని చెరుపుతుంది. జంక్షన్ ఊరు గనుక హోటళ్ళ మిగులు అన్నం దొరుకుతుంది. దాన్ని బాగా మరిగించి పెట్టండి. 2020లో మన దేశంలో అడుగుపెట్టిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఎంగిలి మాంసం ద్వారా కూడా వ్యాపిస్తుంది. మామూలు స్వైన్ ఫీవరుకు టీకా కలదు, వేయించండి.

పందికి మనలాగ చెమట పట్టదు. ఎండాకాలం నీడ, నీళ్ళు లేకపోతే బ్రతకదు. కాబట్టి మీ బావిలో నీరెంతో చూసుకుని, రెండింటితో మొదలుపెట్టండి. చూలు 114 దినాలే, అంటే మూడు నెలల, మూడు వారాల, మూడు రోజులు. వాన మోసగించి చేను ఎండిన ఏడు, ఆ పిల్లల ఈత ఇంటికి నాలుగు రూపాయలు తెస్తుంది. నాటు రకానికి యార్క్‌షైరు కలిపిన సంకరజాతిని తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంవారు తయారుచేసినారు. మీ పశువైద్యుణ్ణి అడగండి.

ఈ సీమలో తరతరాలుగా పందులను సాకుతున్న ఎరుకల సోదరులకు వాటి గుణం పుస్తకం కంటే బాగా తెలుసు. గ్రామసేవకులు ముందు వారి దగ్గర కూర్చుని వినాలి, ఆ తరువాత చెప్పాలి.

వండే తల్లులకు ఒక్క మాట: ముక్క లోపల ఎరుపు పోయేదాకా ఉడికించండి, తరువాతే సంగటిలోకి వడ్డించండి. ఇక సెలవు.